మూపురం ఉన్న జీబ్రా

“ఇంతకీ ఇది తన్నే జంతువా టీచరమ్మా? తన్నేదైతే మాత్రం నేను కుట్టను.”

నా గురించి ఈ లోకంలో పలికిన మొదటి మాట ఇదే. అన్నది మస్తానమ్మ. అప్పటికి నేనింకా లేను. నా తెలుపు కొట్టులో తానుగా చుట్టుకుని ఉంది. నా నలుపు ఎవరెవరి నెత్తి మీదో గొడుగులై ఎండలో తిరుగుతోంది. పుట్టని నేను ఎవరినో తంతానని ఆవిడ అప్పుడే దిగులు పెట్టుకుంది.

నేను ఒక జీబ్రా వేషాన్ని. గడ్డి తినే జీబ్రాను కాను, గుడ్డ జీబ్రాను. నా పొట్టలో ఇద్దరు పిల్లలు దూరితే నాకు నాలుగు కాళ్ళొస్తాయి. దూరకపోతే మేకుకు వేలాడే పెద్ద సంచిని. ముందు దూరిన పిల్ల నిటారుగా నిలబడి నా మెడలో తల పెట్టాలి. వెనక పిల్ల వంగి, ముందు పిల్ల నడుం పట్టుకుని, ఎటు తీసుకుపోతే అటు పోవాలి. ఒకరికి ముఖం, ఇంకొకరికి తోక. మనుషులు కలిసి ఏ పని చేసినా ఇంతేననుకుంటాను, నేను చూసింది తక్కువే అయినా.

మస్తానమ్మది ఒంగోలు దాపున ఒక ఊరు. బండలాగుడు పందేలకు, ఊరేగింపులకు వెళ్ళే ఎడ్ల మీద కప్పే అద్దాల బొంతలు కుట్టడం ఆవిడ పని. చదివింది ఐదో తరగతి దాకా. భయపడటం మాత్రం ఏ బడికీ పోకుండానే నేర్చుకుంది. వాన రాకపోతే కరువని భయం, వస్తే గోడ నానుతుందని భయం. కూతురు శైలు దగ్గితే ఛాతీలో ఏదో ఉందని భయం, దగ్గకపోతే అది లోపలే పట్టేసిందేమోనని భయం. పిల్ల బడి నుంచి వేళకు వస్తే కూడా, ఎందుకింత తొందరగా పంపేశారో అని గుమ్మంలోనే నుదురు తాకి చూసేది.

బడి వార్షికోత్సవానికి అడవి జంతువుల నాటకం వేస్తున్నామనీ, ఒక జీబ్రా కావాలనీ సుగుణ టీచరు అడిగింది. చూసి కుట్టమని గోడకు తగిలించే ఇంగ్లీషు అక్షరాల పటం ఇచ్చింది. అందులో జీబ్రా ఉన్నది చిట్టచివరి గడిలో. అప్పటికి చోటు అయిపోయినట్టుంది, బొమ్మ వేసినాయన తలా మెడా వేసి ఊరుకున్నాడు. మిగతా ఒళ్ళు ఎట్లా ఉంటుందని మస్తానమ్మ అడిగితే, మామూలేనమ్మా, గుర్రంలాగే ఉంటుందని టీచరు చెప్పి వెళ్ళిపోయింది.

ఆ ఊళ్ళో గుర్రం లేదు. ఆవిడ చేతిలో ఉన్న కొలతలన్నీ ఎడ్లవి. నాలుగు కాళ్ళ జీవానికి ఏది కుట్టాలన్నా మూపురం దగ్గర టేపు పెట్టి మొదలుపెట్టాలన్నది వాళ్ళ అత్తగారు నేర్పిన విద్య. మూపురం నుంచి తోక దాకా ఇంత, మూపురం నుంచి డొక్క దాకా ఇంత. మూపురమే లేకపోతే కొలత ఎక్కడ మొదలవుతుంది? అందుకని ముందు నాకు మూపురం వచ్చింది. నిండుగా, దూది కూరి, కొద్దిగా ఎడమకు ఒరిగిన మేలుజాతి మూపురం. అంత మూపురానికి బోసి మెడ బాగుండదని గంగడోలు కూడా వేసింది. ఒంటి నిండా చారలు మాత్రం పటంలో మెడ మీద ఉన్నట్టే, ఒక్కటి కూడా తేడా లేకుండా గొడుగు గుడ్డతో కుట్టింది.

సుగుణ టీచరు వచ్చి నా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తర్వాత నెమ్మదిగా, జీబ్రాకి మూపురమేంటి మస్తానమ్మా అంది.

“అది లేకపోతే కాడి యాడ నిలబడుద్ది టీచరమ్మా?”

మూపురం తీసేయడానికి వ్యవధి లేదు. నేను అట్లాగే ఉండిపోయాను.

తర్వాత భయాల కుట్టు మొదలైంది. పిల్లలు ఎక్కడున్నారో తెలియకపోతే ఎట్లా అని నా కాళ్ళకు గజ్జెలు కట్టింది. పాత ప్రయాణపు సంచిది జిప్పు ఒకటి విప్పి పొట్ట కింద కుట్టింది. లోపల్నించి పిల్లలు పొరపాటున లాగితే నలుగురిలో పరువు పోతుందని దాని పిడి బయటకు పెట్టింది. జిప్పు జారితేనో అని పిన్నీసులు. పిన్నీసు ఊడితేనో అని నాడాలు, వాటికి పీటముడి. బుట్ట మీద కాగితం గుజ్జు మెత్తి చేసిన నా తల ఊడిపడితేనో అని దాన్ని మెడకు పురికొసతో చుట్టూ కుట్టేసింది. పిల్లలు నాలోంచి జారిపోయే దారులన్నీ ఆవిడ మూసింది. వాళ్ళు బయటకు వచ్చే దారులూ అవేనని ఆవిడకు తట్టలేదు. నా చారలు అందంగా ఉన్నాయని చూసినవాళ్ళంతా అన్నారు. నాకేమో అవి కిటికీ ఊచల్లా అనిపించేవి. ఊచలకు అవతల ఉన్నది నేనో, లోకమో తెలిసేది కాదు.

నా పొట్టలోకి రావాల్సిన ఇద్దరూ శైలు, దీవెన. దీవెనది పక్క ఇల్లే. వాళ్ళమ్మ మరియమ్మ పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగుకు పొద్దున పోతే దీపాలవేళకే రావడం. అందుకని బడి వదలగానే దీవెన మస్తానమ్మ ఇంట్లోనే ఉండేది, శైలు కంచంలోనే తినేది, మస్తానమ్మను పిన్నీ అని పిలిచేది. ఇద్దరూ ఒకటే ఎత్తు. ఇద్దరికీ ఒకటే నవ్వు, అది ఎవరిదో దూరం నుంచి చెప్పడం కష్టం. ముందు ఎవరు, వెనక ఎవరు అని వాళ్ళకు పట్టింపే లేదు. ఒక పూట అటు, ఒక పూట ఇటు మారదామనుకున్నారు.

నన్ను మొదటిసారి తొడిగి చూసిన రోజు. మస్తానమ్మ ఇంటి పంచలో దీవెన అప్పటికే నా వెనక కాళ్ళలో దూరి వంగి ఉంది. శైలు మంచినీళ్ళకని లోపలికి పోయింది. మస్తానమ్మ నా పక్కనే సుగుణ టీచరుతో మాట్లాడుతోంది. నా లోపల పిల్ల ఉన్న సంగతి మరిచిపోయిందో, గుడ్డకు చెవులుండవనుకుందో.

“మా శైలుని ముందు పెట్టండమ్మా. వెనకైతే వంగి ఉండాల, గాలాడదు, దానికసలే ఆయాసం. దీవెన గట్టి పిల్ల, ఏమీ కాదు దానికి.”

శైలుకు ఆయాసం లేదు. కొబ్బరిచెట్టు దాకా పరుగు పందెంలో ఎప్పుడూ తనే గెలిచేది. ఆయాసం ఉన్నది వాళ్ళమ్మ ఆలోచనకు. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మనసులో చెడు లేదని నేను ప్రమాణం చేయగలను. కాని భయానికి ఒక గుణం ఉంది, అది తన పిల్లను లెక్కలోకి తీసుకున్నాక పక్కపిల్ల కోసం చోటు మిగల్చదు.

నా వెనక కాళ్ళ గజ్జెలు ఒక్కసారి ఘల్లుమని ఆగిపోయాయి. దీవెన నాలోంచి బయటికి వచ్చింది. ముఖం మీద చెమట ఉంది, అది చెమటేననుకుని మస్తానమ్మ కొంగుతో తుడవబోతే తల పక్కకు తిప్పుకుంది. నీళ్ళు తాగి వచ్చిన శైలు ముందు చిటికెనవేలు చూపించింది.

“కటీఫ్. గట్టి పిల్లతో నీకేం పని, మీ అమ్మనడుగు.”

ఆ ఊళ్ళో కటీఫ్‌కు ఒక కట్టుబాటు ఉంది. ముందు ఎవరు నోరు విప్పితే వాళ్ళు ఓడిపోయినట్టు. దీవెన ఓడిపోయే పిల్ల కాదు. ఆ రోజు నుంచి శైలుతో మాట లేదు, మస్తానమ్మతోనూ లేదు. బడి వదిలాక తన ఇంటి గడప మీద, తాళం కింద కూర్చుని వాళ్ళమ్మ కోసం చూసేది. మస్తానమ్మ గిన్నెలో అన్నం కలిపి పట్టుకుపోతే అది అట్లాగే తిరిగివచ్చేది. ఆవిడకు వచ్చిన అనుమానాలు అన్నీ ఇన్నీ కావు. పిల్లకు కామెర్లేమో, కుక్క కరిచి చెప్పుకోవడం లేదేమో, ఎవరి కన్నయినా తగిలిందేమో. ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. శైలు రాత్రిళ్ళు గోడ వైపు తిరిగి పడుకుని, నేనేం చేశానమ్మా అని అడుగుతుంటే దాని నుదురు తాకి జ్వరం ఉందేమో చూసింది. ఇన్ని కారణాలు వెతికిన మనిషికి తన నోటి మాట మాత్రం గుర్తుకు రాలేదు.

నాటకం రోజు సంగతి చెప్పాలంటే ఇప్పటికీ నాకు వెనకడుగే పడుతుంది. అందుకని ఆ తర్వాత గడిచిన బతుకు ముందు చెప్పేస్తాను, అదేమంత పెద్దది కాదు. బడి వాళ్ళు నన్ను బాగు చేయించి ఒక టెంటుహౌసుకు ఇచ్చారు. వాళ్ళు పెళ్ళి ఊరేగింపుల్లో తిప్పారు. ఒక ఊళ్ళో పెద్దమనిషి పళ్ళు లెక్కపెడదామని నా నోట్లో వేలు దూర్చబోయి, అది తెరుచుకోక, వయసు తేలక వేలు తుడుచుకుని పోయాడు. అక్కడి నుంచి ఒక మిరపతోట రైతు కొన్నాడు, పిట్టలు బెదురుతాయని. పిట్టలు రెండు రోజులు బెదిరి, మూడోనాడు మూపురం మీద కూర్చోవడం మొదలుపెట్టాయి. ఇప్పుడు ఆ రైతు కొట్టంలో, వేప పిండి బస్తాల వెనక, గొళ్ళెం పెట్టిన తలుపు లోపల ఉన్నాను. ఎలుక వస్తుందేమో, చెద పడుతుందేమో, కప్పు కారుతుందేమో అని ఆలోచిస్తూ ఉంటాను. ఆవిడ చేతి కుట్టు కదా నాది, ఆ గుణం ఎక్కడికి పోతుంది.

ఇక ఆ రోజు. మధ్యాహ్నం ఎండ. బడి ముందు షామియానా, బల్లలు కలిపి వేసిన స్టేజి. పిల్లలకు నన్ను తొడిగేటప్పుడు మస్తానమ్మ జిప్పు లాగింది, పిన్నీసులు పెట్టింది, నాడాలు ముడేసింది, ఆ ముడి మీద ఎందుకైనా మంచిదని ఇంకో ముడి వేసింది. శైలు ముందు, దీవెన వెనక. ఇద్దరూ ఒక పొట్టలో ఉండి ఒక్క మాట లేదు.

మాట లేని జీబ్రా నడవడం ఎంత కష్టమో మీకు తెలియదు. నేను తయారు కాకముందు దుప్పటి కప్పుకుని నాటకం నేర్చుకునేటప్పుడు దీవెన వెనక నుంచి, కుడికి పోదామే, ఇప్పుడు ఆగవే అని గొణిగితే శైలు అందుకునేదట. ఇప్పుడు శైలు కుడికి తిరిగింది, దీవెన ఎడమకు తిరిగింది. నా నడుం సాగి సన్నబడింది. ముందు కాళ్ళు సింహానికి దణ్ణం పెడుతుంటే వెనక కాళ్ళు సింహానికి వీపు చూపించాయి. మెడను అటూ ఇటూ లాగేసరికి మూపురం ఊగింది. షామియానా కింద నవ్వు మొదలై ఆగలేదు. ముందు వరసలో కూర్చున్న పేరయ్య, ఎడ్ల పందేలలో తల నెరిసినవాడు, పక్కనున్నాయనతో గట్టిగానే అన్నాడు.

“రంగు ఎవరో పూశారు గానీ జాతి మనదేరా. ఆ మూపురం చూడు, ఏ ఊరి సొత్తో.”

నాటకంలో శైలుకు ఒక్కటే మాట ఉంది. నేను జీబ్రాను, నా చారలు చూసి ఎవరూ నన్ను మరిచిపోరు అని. నేను జీబ్రాను అనేదాకా వచ్చి శైలు ఆగిపోయింది. నేర్చుకునేటప్పుడు మిగతా మాట దీవెన వెనక నుంచి అందించేది. వెనక నుంచి ఏమీ రాలేదు. సింహం వేసిన పిల్లాడు కాసేపు చూసి, సరేలే అని తన మాట చెప్పేసుకున్నాడు.

నాటకం అయిపోయింది. ఏనుగు ముఖం తీసింది, కోతి తోక విప్పింది. పరదా వెనక నన్ను విప్పబోతే జిప్పు కదల్లేదు. ముందూ వెనకా గుంజుకున్న గుంజుడుకు గొడుగు గుడ్డ జిప్పు పళ్ళలో ఇరుక్కుపోయింది. పిన్నీసులు వంకరపోయాయి. ముడి మీద ముడి రాయిలా బిగిసింది. సుగుణ టీచరు తల లాగి చూసింది, పురికొస గట్టిది. హెడ్మాస్టరు కొవ్వొత్తి రుద్దమన్నారు, ఎవరో కొబ్బరినూనె తెచ్చారు. నూనెకు జిప్పు జారలేదు గానీ వేళ్ళు జారాయి. పేరయ్య కూడా లోపలికి వచ్చి, ముందు దాని కాళ్ళు కట్టెయ్యండమ్మా, ఇట్టాంటప్పుడే తంతాయి అని సలహా ఇచ్చాడు.

మొదట అందరూ నవ్వారు. తర్వాత నా మెడలోంచి వెక్కిళ్ళు వినిపించాయి.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. నా లోపల ఎక్కడ గాలి ఉంటుందో నాకు తెలుసు, మస్తానమ్మకు తెలియదు. తోక కుట్టిన చోట చెయ్యి పట్టేంత సందు ఉంది, వెనక పిల్లకు అందులోంచి హాయిగా గాలి వస్తుంది. ముందు పిల్లకున్నవి కాగితం గుజ్జులో రెండు కంటి చిల్లులు, ఒక మూసిన నోరు. ఆవిడ తన పిల్లను ఏ ఉక్క నుంచి కాపాడాలనుకుందో సరిగ్గా ఆ ఉక్కలోనే తీసుకుపోయి పెట్టింది. కత్తెర పడితే తప్ప శైలు బయటికి రాదు.

మస్తానమ్మ నడుమున కత్తెర ఉంది. తాన్లకు తాన్లు చూడకుండా కోసిన చెయ్యి అది. ఇప్పుడు కత్తెర తీసి నా మీద పెట్టి మళ్ళీ తీసేసింది. కోస్తే పిల్లకు తగిలితే? అందరూ కొయ్యమంటున్నారు. ఆవిడ నా మెడ దగ్గర కూర్చుంది. శైలూ, నీ తల యాడుందే అని అరిచింది. మెడలో ఉందమ్మా అని ఏడుపు మధ్య శైలు చెప్పింది. ఆ మెడ మీద అర చెయ్యి పెట్టి కాస్త కుదుటపడి, దీవెనా నీ తల యాడుంది అని అడిగింది.

జవాబు లేదు.

మళ్ళీ అడిగింది. లేదు. వెనక పిల్ల స్పృహ తప్పిందేమోనని సుగుణ టీచరు ముఖం పాలిపోయింది. ఎక్కడ ఏ తల ఉందో తెలియకుండా ఈ కత్తెర పెట్టలేనని మస్తానమ్మ ఏడ్చేసింది.

“అది పలకదమ్మా,” అని శైలు నా మెడలోంచి అంది. “నాతో కటీఫ్. గట్టి పిల్లతో నీకేం పని, మీ అమ్మనడుగు అంది. నువ్వేమన్నావో నాకు తెలవదు.”

గట్టి పిల్ల. ఆ మాట మస్తానమ్మ చెవిన పడి లోపలికి దిగడం నేను చూశాను. పంచలో తను నిలబడ్డ చోటు, నేను నిలబడ్డ చోటు, గజ్జెలు ఘల్లుమని ఆగడం, తిరిగివచ్చిన అన్నం గిన్నె, అన్నీ ఆవిడ ముఖం మీద ఒకదాని వెనక ఒకటి కనిపించాయి. ఆవిడ మెల్లగా మెడ దగ్గర నుంచి లేచింది. ఏడుస్తున్న తన పిల్లను వదిలి నా వెనక వైపుకు వచ్చి, నేల మీద మోకాళ్ళు ఆనించి, నా డొక్కకు నోరు దగ్గరగా పెట్టింది.

“దీవెనా. దానికి ఆయాసం లేదు తల్లీ. నాదే భయం. నీకేమీ కాదని ఎట్టా అన్నానో నాకే తెలవదు. ఊపిరి ఎవరికైనా ఒకటేగా.” కత్తెర నేల మీద పెట్టింది. “నామీద కోపం అట్టాగే ఉంచుకో. నీ తల యాడుందో అది ఒక్కటి చెప్పు.”

హెడ్మాస్టరు చేతిలో కొవ్వొత్తి అట్లాగే ఉంది. పరదా అవతల మైకులో ఎవరో బహుమతులు చదువుతుంటే చప్పట్లు వినిపించి ఆగిపోయాయి. నా వెనక కాళ్ళ గజ్జెల్లో ఒక్కటి కూడా మోగలేదు. ఆ తల ఎక్కడుందో నాకు తెలుసు. నాకూ చెప్పాలని ఉంది. కాని నాకున్న నోరు కాగితం గుజ్జుది, అదీ మూసి అంటించినది. పొట్టలో పిల్లలను పెట్టుకుని, ఏమీ చెప్పలేక, ఏమీ తెరవలేక నిలబడటం ఎంత కష్టమో ఆ క్షణం నాకూ మస్తానమ్మకూ సమానంగా తెలుసు. ఆవిడ నా డొక్కకు చెవి ఆనించింది. లోపల రెండు ఊపిరులు వినిపించి ఉంటాయి, ఒకటి తెగి తెగి, ఇంకొకటి నిదానంగా.

తర్వాత నా లోపల ఒక గొంతు పెగిలింది. బొంగురుగా, చాలా రోజులు వాడక తుప్పు పట్టిన గొంతు.

“శైలు వీపు మీదుంది పిన్నీ. అది ఏడుస్తంటే ఆనిచ్చా. ఇటు కొయ్యబాకు, తోక కాడ కొయ్యి.”